క్లేర్ నియోజకవర్గం: ఒక ప్రమాణం జమాఖర్చులు

1980ల మొదట్లో నేను ఉద్యోగంలో చేరిన రోజు హెడ్ క్లర్కు గారు నా ముందు ఒక అచ్చు కాగితం పెట్టారు. రాజ్యాంగానికి విధేయుడిగా ఉంటానని చెప్పే కాగితం. అందులో రెండు మాటలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి దేవుడి మీద ఒట్టు లాంటిది, రెండోది దేవుడి ఊసు లేని ప్రతిజ్ఞ. "అక్కర్లేనిది కొట్టెయ్యి బాబూ" అన్నారాయన. నేను మొదటిది కొట్టేశాను. ఆయన కళ్ళజోడు కిందికి దించి చూసి, "దేవుడి మీద కోపమా?" అని అడిగారు. "కోపం ఎందుకండీ, పరిచయమే లేదు" అన్నాను. నవ్వి స్టాంపు వేశారు. రెండు నిమిషాల పని. ఆ నెల జీతం ఆగలేదు, ఎవరూ నన్ను గది బయట నిలబెట్టలేదు.

ఆ రెండు నిమిషాల వెనక ఎన్ని ఏళ్ళ తగాదా ఉందో అప్పట్లో నాకు తెలియదు. రిటైరయ్యాక తీరిగ్గా చదువుతుంటే ఐర్లండులోని క్లేర్ అనే పార్లమెంటు నియోజకవర్గం చరిత్ర తగిలింది. ఇప్పుడు ఆ నియోజకవర్గం ఆ రూపంలో లేదు. లండన్ పార్లమెంటుకు సభ్యులను పంపిన క్లేర్ 1801లో మొదలై, 1885లో తూర్పు, పశ్చిమ భాగాలుగా విడిపోయి, 1922తో ముగిసింది. 121 ఏళ్ళు. ఆ కాలంలో అక్కడినుంచి ఎన్నికైన వాళ్ళ జాబితా చదివితే మనబోటి హేతువాదులకు పనికొచ్చే సంగతులు చాలా దొరుకుతాయి. నేను చరిత్రకారుణ్ణి కాను, బీకాం చదివి జీవితమంతా లెక్కలు చూసినవాణ్ణి. అందుకని ఈ కథను కూడా లెక్కల మనిషిలాగే చెబుతాను. ఏం వచ్చింది, ఏం పోయింది, బిల్లు ఎవరు కట్టారు?

ఓటు ఉంది, కుర్చీ లేదు

1801 జనవరి 1న ఐర్లండు సొంత పార్లమెంటు రద్దయి, బ్రిటన్‌తో కలిసిపోయింది. ఐర్లండు నుంచి 100 మంది సభ్యులు లండన్‌లోని కామన్స్ సభకు వెళ్ళాలి. పడమటి తీరంలో ఉన్న క్లేర్ జిల్లాకు ఇద్దరు సభ్యులు.

ఐర్లండు జనాభాలో నూటికి ఎనభై మంది దాకా కాథలిక్కులు. 1793 నుంచి వాళ్ళకు ఓటు హక్కు ఉంది. కాని సభలో కూర్చునే హక్కు లేదు. కాథలిక్కు ఎన్నికలో నిలబడకూడదని చట్టం సూటిగా చెప్పలేదు. పని ఒక ప్రమాణంతో కానిచ్చింది. సభలో కూర్చోబోయే ప్రతివాడూ ముందు రాజే చర్చికి అధిపతి అని ఒప్పుకోవాలి. ఆపైన రొట్టె, ద్రాక్షసారాయి క్రీస్తు శరీరంగా, రక్తంగా మారతాయన్న కాథలిక్కు నమ్మకం అబద్ధమనీ, వాళ్ళ పూజా విధానం విగ్రహారాధన లాంటి మూఢాచారమనీ ప్రకటించాలి. నమ్మకం ఉన్న కాథలిక్కు ఎవడూ ఆ మాట అనలేడు. కాబట్టి గెలిచినా గుమ్మం దాటలేడు.

రొట్టె రక్తమాంసాలు అవుతుందని మీరూ నమ్మరు, నేనూ నమ్మను. ఆ ప్రకటన సారాంశంతో మనకు పెద్ద పేచీ ఉండకపోవచ్చు. పేచీ అల్లా, ఒక మనిషి నమ్మకాన్ని పార్లమెంటు గుమ్మం దగ్గర తనిఖీ చేసే అధికారం రాజ్యానికి ఎవరిచ్చారన్నది. ఈ తేడా గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

విలీనం సమయంలో ఈ అడ్డు తీసేస్తామన్న ఆశను ప్రధాని పిట్ కాథలిక్కులకు కల్పించాడు. రాజు మూడో జార్జి ఒప్పుకోలేదు. పట్టాభిషేకం నాడు ప్రొటెస్టెంటు మతాన్ని కాపాడతానని తాను ప్రమాణం చేశాననీ, అది తప్పలేననీ అన్నాడు. పిట్ 1801లో రాజీనామా చేశాడు. ఒక ప్రమాణాన్ని తీసెయ్యడానికి ఇంకో ప్రమాణం అడ్డం వచ్చిందన్నమాట.

నెలకొక పెన్నీ

డేనియల్ ఓకానెల్ 1775లో కెర్రీ జిల్లాలో పుట్టిన కాథలిక్కు లాయరు. యువకుడిగా ఉన్నప్పుడు థామస్ పెయిన్ రాసిన 'ఏజ్ ఆఫ్ రీజన్' చదివి చర్చికి దూరం జరిగి, దేవుడున్నాడు గాని మతగ్రంథాలు మనుషులు రాసుకున్నవే అనే స్థితికి వచ్చాడు. తరువాత మళ్ళీ భక్తుడయ్యాడు. మనవాడు కాకుండా పోయాడని బాధపడనక్కర్లేదు, ఆయన చేసిన పనిని ఆ పని కొద్దీ తూచితే చాలు.

1823లో ఆయన కాథలిక్ సంఘం పెట్టాడు. 1824లో చందా తగ్గించి నెలకు ఒక పెన్నీ చేశాడు. నాకు ఈ కథలో బాగా నచ్చిన భాగం ఇదే. నెలకు పెన్నీ అంటే ఏడాదికి 12 పెన్నీలు, అంటే ఒక షిల్లింగు. పౌనుకు 20 షిల్లింగులు. పదిలక్షల మంది కడితే ఏడాదికి 50,000 పౌన్లు. అంత మొత్తం ఎప్పుడూ రాలేదు, కాని వచ్చిందే ప్రభుత్వానికి కంగారు పుట్టించింది. డబ్బుకన్నా ముఖ్యం, పెన్నీ కట్టిన ప్రతి కూలివాడూ 'నేనూ సభ్యుణ్ణే' అనుకున్నాడు. వసూలు చాలావరకు చర్చి గుమ్మాల దగ్గర, ఫాదర్ల సాయంతో జరిగింది. బలమంతా అక్కడినుంచే వచ్చింది. తరువాత వచ్చిన చిక్కులు కూడా అక్కడినుంచే వచ్చాయి.

1828 జులై

1828లో ప్రధాని వెల్లింగ్టన్ డ్యూక్. మనకు ఆయన ఆర్థర్ వెల్లెస్లీగా పరిచయం, శ్రీరంగపట్నం, అస్సాయే యుద్ధాల్లో పాల్గొన్నవాడు. ఆయన క్లేర్ సభ్యుడు వెసీ ఫిట్జెరాల్డ్‌ను వాణిజ్య మండలి అధ్యక్షుడిగా మంత్రివర్గంలోకి తీసుకున్నాడు. ఆ రోజుల్లో మంత్రి పదవి తీసుకున్న సభ్యుడు రాజీనామా చేసి మళ్ళీ ఎన్నికవ్వాలి. మామూలుగా అది లాంఛనం. ఫిట్జెరాల్డ్ చెడ్డవాడేం కాదు. స్వయంగా ప్రొటెస్టెంటు అయినా కాథలిక్కులకు హక్కులు ఇవ్వాలన్నవాడు, జిల్లాలో మంచి పేరున్నవాడు. ఆయన మీద నిలబడటానికి ప్రొటెస్టెంటు అభ్యర్థి ఎవరూ దొరక్క, చివరికి ఓకానెల్ తానే నిలబడ్డాడు.

ఆయన పేరు ప్రతిపాదించింది ఓగోర్మన్ మాహన్ అనే కాథలిక్కు యువకుడు, బలపరచింది టామ్ స్టీల్ అనే ప్రొటెస్టెంటు భూస్వామి. ఎన్నిస్ పట్నంలో ఐదు రోజులు పోలింగు జరిగింది. రహస్య ఓటు లేదు, అది 1872లో వచ్చింది. ఓటరు అందరి ముందూ నిలబడి పేరు చెప్పాలి, భూస్వామి గాని ఆయన మనిషి గాని అక్కడే ఉంటాడు.

ఓటర్లెవరంటే, ఎక్కువమంది 'నలభై షిల్లింగుల' వాళ్ళు. జీవితకాలపు కౌలు ఉండి, శిస్తు పోను ఏడాదికి 40 షిల్లింగులు, అంటే 2 పౌన్లు, మిగులు చూపించగలిగిన రైతుకు ఓటు వచ్చేది. భూస్వాములు తమ పలుకుబడి పెంచుకోవడానికి ఇలాంటి కౌళ్ళు విరివిగా ఇచ్చారు. కౌలుదారు ఓటు తమ జేబులో ఉన్నట్టే అనుకున్నారు. క్లేర్‌లో ఆ జేబు చిరిగింది. భూస్వాముల వెనక నడుస్తూ ఎన్నిస్ వచ్చిన రైతులు, ఊరిలోకి రాగానే ఫాదర్ల మాట విని ఓకానెల్ పేరు చెప్పారు. ఓకానెల్‌కు 2,057 ఓట్లు, ఫిట్జెరాల్డ్‌కు 982.

ఆ రైతులు స్వేచ్ఛగా ఓటు వేశారా, భూస్వామి పెత్తనం నుంచి ఫాదరు పెత్తనంలోకి మారారా? ఈ ప్రశ్న అప్పుడే ప్రత్యర్థులు వేశారు. నా సమాధానం, రెండూ కొంచెం కొంచెం. ఫాదరు నరకం చూపించగలడు. భూస్వామి మటుకు ఇల్లు ఖాళీ చేయించగలడు. నరకం ఎవరూ చూడలేదు, రోడ్డున పడ్డ కుటుంబాలను అందరూ చూశారు. ఆ భయం కళ్ళముందు పెట్టుకుని కూడా ఎదురు ఓటు వేశారంటే వాళ్ళను మంద అని తీసిపారెయ్యలేం.

1829 చట్టం, దాని బిల్లు

గెలిచిన మనిషిని మతం పేరుతో బయట నిలబెడితే ఐర్లండు మండిపోతుందని వెల్లింగ్టన్‌కూ హోం మంత్రి రాబర్ట్ పీల్‌కూ అర్థమైంది. ఇద్దరూ అంతకుముందు దాకా ఈ సంస్కరణకు వ్యతిరేకులే. పీల్ తన మాట మార్చుకున్నందుకు ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం సీటు వదులుకుని, మళ్ళీ పోటీ చేసి ఓడిపోయాడు. ఒక ప్రభువు తనను నిందించాడని వెల్లింగ్టన్, ప్రధానిగా ఉండి, 1829 మార్చిలో పిస్తోలు పట్టుకుని ద్వంద్వయుద్ధానికి వెళ్ళాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. 1829 ఏప్రిల్ 13న కాథలిక్కు విమోచన చట్టానికి రాజముద్ర పడింది. పాత ప్రకటన పోయింది, కాథలిక్కుల కోసం వేరే ప్రమాణం వచ్చింది.

జమ పక్కన రాసుకోవలసింది ఇది. ఇప్పుడు ఖర్చు పక్క చూద్దాం.

అదే రోజు ఇంకో చట్టానికీ రాజముద్ర పడింది. ఐర్లండు జిల్లాల్లో ఓటుకు అర్హత 40 షిల్లింగుల నుంచి 10 పౌన్లకు పెరిగింది. అంటే ఐదు రెట్లు. దేశం మొత్తం మీద జిల్లా ఓటర్లు సుమారు 2,16,000 నుంచి సుమారు 37,000కు పడిపోయారు. ఆరుగురిలో ఐదుగురి ఓటు పోయింది. క్లేర్‌లో భూస్వామిని ఎదిరించి చరిత్ర మార్చిన రైతులకు దక్కిన బహుమానం అది. పార్లమెంటులో కూర్చునే అవకాశం వచ్చింది కాథలిక్కు లాయర్లకు, భూస్వాములకు. దానికి బిల్లు కట్టింది కౌలురైతు.

ఓకానెల్ ఇక్కడ పూర్తిగా నిర్దోషి కాడు. 1825లో ఇలాంటి బేరమే వచ్చినప్పుడు ఆయన ఒప్పుకోవడానికి సిద్ధపడ్డాడు. క్లేర్ గెలుపు తరువాత ఆ ఓటర్లను వదిలిపెట్టనని అన్నాడు. చట్టం వచ్చినప్పుడు నిరసన తెలిపాడు, ఉద్యమం మాత్రం చెయ్యలేదు. పెద్ద మొత్తం చేతికొస్తుంటే చిన్నవాళ్ళ బాకీ రద్దు పద్దులో రాసెయ్యడం ఆఫీసుల్లో చాలాసార్లు చూశాను. అలవాటైన దృశ్యమే, అయినా మనసుకు కష్టంగా ఉంటుంది.

ఇంకో సంగతి. ఓటు ఉన్నంతకాలం చిన్న కౌలుదారు భూస్వామికి ఒక రకమైన ఆస్తి. ఓటు పోయాక కేవలం శిస్తు బాకీ ఉన్న మనిషి. అతన్ని నేల మీద ఉంచుకోవడానికి ఒక కారణం తగ్గిపోయింది. 1845లో బంగాళాదుంప తెగులుతో మహాక్షామం మొదలైంది. 1841 జనగణనలో సుమారు 2,86,000 ఉన్న క్లేర్ జనాభా 1851 నాటికి సుమారు 2,12,000 అయింది. క్షామానికి ఓటు హక్కు చట్టం కారణమని నేననడం లేదు. కాని కడుపు మాడుతున్నప్పుడు అడగడానికి వాళ్ళకు ఓటు కూడా లేదని మాత్రం పుస్తకంలో రాసి ఉండాలి.

గుమ్మం దగ్గర ఓకానెల్

1829 మేలో ఓకానెల్ కామన్స్ సభకు వెళ్ళాడు. కొత్త చట్టం అది అమల్లోకి వచ్చాక ఎన్నికైన వాళ్ళకే వర్తిస్తుందనీ, 1828లో గెలిచినవాడు పాత ప్రమాణమే చెయ్యాలనీ అన్నారు. ఒక్క మనిషిని అవమానించడానికి చట్టంలో పెట్టిన మెలిక అది. పాత ప్రమాణ పత్రాన్ని ఆయన చదివాడు. ఇందులో ఒక మాట వాస్తవానికి విరుద్ధమని నాకు తెలుసు, ఇంకొకటి నిజం కాదని నా నమ్మకం, కాబట్టి చెయ్యను అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. ప్రమాణం లేకుండా కూర్చోనివ్వరాదని సభ 190కి 116 ఓట్ల తేడాతో తీర్మానించింది. క్లేర్‌కు మళ్ళీ ఎన్నిక పెట్టారు. 1829 జులైలో పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. ఆ వేళకు, ఆయనను మొదట గెలిపించిన నలభై షిల్లింగుల రైతులకు ఓటు లేదు. 1830 ఫిబ్రవరిలో సీటులో కూర్చున్నాడు. ఆ ఏడాది సాధారణ ఎన్నికల్లో క్లేర్ వదిలి వాటర్‌ఫర్డ్ వెళ్ళిపోయాడు.

పాఠ్యపుస్తకాల ధోరణిలో ఆయనే విమోచన తరువాత సభలో కూర్చున్న మొదటి కాథలిక్కు అని చెబుతుంటారు. అది తప్పు. ఆయన గుమ్మం దగ్గర ఉండగానే, 1829 మేలో, హోర్షమ్ నుంచి ఎన్నికైన సర్రే ఎర్ల్ అనే ప్రభువంశీయుడు లోపల కూర్చున్నాడు. ఆయన నార్ఫోక్ డ్యూక్ కొడుకు. తలుపు బద్దలు కొట్టింది ఒకరు, ముందు నడిచి వెళ్ళింది ఇంకొకరు.

ఓడిపోయిన ఫిట్జెరాల్డ్ సంగతి మనవాళ్ళకు ఆసక్తిగా ఉంటుంది. ఆయన 1841 నుంచి 1843లో చనిపోయేదాకా ఈస్టిండియా కంపెనీ మీద అజమాయిషీ చేసే బోర్డు ఆఫ్ కంట్రోల్ అధ్యక్షుడు. అంటే మన దేశం వ్యవహారాలు లండన్‌లో ఆయన చేతిలో ఉన్నాయి. ఆ రోజుల్లోనే గవర్నర్ జనరల్ ఎలెన్‌బరో, గజనీ నుంచి సోమనాథ్ గుడి తలుపులు తెచ్చామని 1842లో ఆర్భాటంగా ప్రకటించాడు. తీరా చూస్తే అవి దేవదారు చెక్కతో గజనీ వైపు చేసినవే, సోమనాథ్‌తో సంబంధం లేదు. ఆగ్రా కోటలో ఒక మూల పడ్డాయి. 1843 మార్చిలో కామన్స్ సభలో మెకాలే ఆ ప్రకటనను దుమ్మెత్తిపోశాడు. మత భావాలను రాజకీయానికి వాడుకుందామని ఒక దొర వేసిన ఎత్తు, సరుకే నకిలీ అని తేలింది.

చిత్రమైన సభ్యుల వరస

1830లో ఓకానెల్ వదిలిన సీటుకు ఓగోర్మన్ మాహన్ ఎన్నికయ్యాడు. లంచాల ఆరోపణతో 1831లో ఎన్నిక రద్దయింది. ఆయన్ను ఇక్కడితో మరిచిపోకండి.

1877లో క్లేర్ సభ్యుడు సర్ కోల్మన్ ఓలోగ్లెన్ చనిపోతే, ఓటర్లు ఆయన తమ్ముడు బ్రయన్‌ను ఎన్నుకున్నారు. ఆయన అప్పుడు ఆస్ట్రేలియాలో ఉన్నాడు. లండన్ రాలేదు, సీటులో కూర్చోలేదు. అక్కడి విక్టోరియా ప్రభుత్వంలో అటార్నీ జనరల్ పదవి తీసుకోవడంతో 1879లో సీటు ఖాళీ అయినట్టు ప్రకటించారు. మస్టర్ రోల్‌లో పేరుండి పనికి రాని మనుషులను పట్టుకోవడం ఒకప్పుడు నా పని. భూగోళానికి అవతల ఉన్న మనిషి పేరు మస్టర్‌లో ఉండటం నాకెప్పుడూ తగల్లేదు.

ఆ ఖాళీలో గెలిచింది మళ్ళీ ఓగోర్మన్ మాహన్. 1828లో ఓకానెల్ పేరు ప్రతిపాదించిన అదే కుర్రాడు, ఇప్పుడు 80కి దగ్గరపడ్డ ముసలాయన. 1880లో రెండో సీటు గెలిచిన కెప్టెన్ ఓషేను ఐర్లండు నాయకుడు పార్నెల్‌కు పరిచయం చేసింది ఆయనే. ఓషే భార్యకూ పార్నెల్‌కూ ఉన్న అనుబంధం 1890లో విడాకుల కేసుగా బయటపడింది. చర్చి పార్నెల్ మీద విరుచుకుపడింది, పార్టీ చీలింది, ఆయన 1891లో చనిపోయాడు.

1885లో క్లేర్ రెండు ముక్కలయ్యాక పశ్చిమ క్లేర్ మొదట గెలిపించింది జెరమయా జోర్డన్‌ను. ఆయన ఉత్తరాది నుంచి వచ్చిన మెథడిస్టు ప్రొటెస్టెంటు. దాదాపు అంతా కాథలిక్కు ఓటర్లే ఉన్నచోట. 1892లో ఇంకా మంచి సంగతి జరిగింది. పార్నెల్ పక్షం వాళ్ళకు ఓటు వెయ్యవద్దని ఫాదర్లు ఊరూరా ప్రచారం చేశారు. దేశం మొత్తం మీద ఆ పక్షం వాళ్ళు 9 మందే గెలిచారు. ఆ తొమ్మిదిలో రెండు సీట్లు క్లేర్‌వి, తూర్పున విలియం రెడ్మండ్, పశ్చిమాన రోచ్‌ఫర్ట్ మగ్వైర్. 1828లో ఫాదర్ల వెనక నడిచిన జిల్లా, 64 ఏళ్ళ తరువాత ఫాదర్ల మాట కాదన్నది. ఈ మధ్యలో రహస్య ఓటు వచ్చింది, 1884 చట్టంతో ఊళ్ళలోని పేద కుటుంబ యజమానులకు విస్తృతంగా ఓటు వచ్చింది. జనాన్ని మంద అన్న పెద్దమనుషులకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

1909 నుంచి 1918 దాకా పశ్చిమ క్లేర్ సభ్యుడు ఆర్థర్ లించ్. ఆస్ట్రేలియాలో పుట్టినవాడు, బోయర్ల తరఫున బ్రిటిషు వాళ్ళ మీద పోరాడి రాజద్రోహం కింద మరణశిక్ష పడి, అది తగ్గి, 1904లో విడుదలైనవాడు. ఇంజనీరు, డాక్టరు, రచయిత. అంత తెలివైన మనిషి 1932లో ఐన్‌స్టయిన్ సిద్ధాంతం తప్పని ఒక పుస్తకం రాశాడు. ఒక రంగంలో ధైర్యం, ప్రతిభ ఉన్నంత మాత్రాన ఇంకో రంగంలో మాట చెల్లదని మన మిత్రులకు చెప్పాల్సి వచ్చినప్పుడు ఈయన పేరు వాడుకోండి.

తలుపు దాటినవాళ్ళే తలుపు వేశారు

ఇప్పుడు మన సొంత వ్యవహారానికి వద్దాం. 1829 తరువాత ఇంకా బయట మిగిలినవాళ్ళున్నారు. ఒట్టు పెట్టుకోవడం తమ మతానికి విరుద్ధమనే క్వేకర్లకు 1833లో ప్రతిజ్ఞతో సరిపెట్టారు. ప్రమాణంలో 'క్రైస్తవుడిగా నిజమైన విశ్వాసంతో' అన్న మాట ఉండటం వల్ల యూదులు ఆగిపోయారు. 1847లో లండన్ నగరం నుంచి గెలిచిన లయొనెల్ రాత్స్‌చైల్డ్ 1858లో గాని కూర్చోలేకపోయాడు. ఓకానెల్‌కు ఈ విషయంలో పూర్తి మార్కులు వెయ్యాలి. తన గెలుపు ఏడాదిలోనే, 1829లోనే, యూదుల హక్కులకు తన మద్దతు ఉంటుందని వాళ్ళ నాయకుడు గోల్డ్‌స్మిడ్‌కు ఉత్తరం రాశాడు.

1880లో నార్తాంప్టన్ నుంచి చార్లెస్ బ్రాడ్లా గెలిచాడు. పేరుమోసిన నాస్తికుడు. దేవుడి మీద ఒట్టు బదులు ప్రతిజ్ఞ చేస్తానన్నాడు, కుదరదన్నారు. సరే ఒట్టే పెడతానన్నాడు, నీకు నమ్మకం లేదు గనుక అదీ కుదరదన్నారు. పార్లమెంటు గడియార స్తంభంలో ఒక రాత్రి బంధించారు. సీటు ఖాళీ చేశారు, ఓటర్లు మళ్ళీ మళ్ళీ ఎన్నుకున్నారు. ప్రతిజ్ఞను అనుమతించే బిల్లు 1883 మేలో 289కి 292 ఓట్లతో, మూడంటే మూడు ఓట్ల తేడాతో ఓడిపోయింది. కార్డినల్ మానింగ్ దానికి వ్యతిరేకంగా గట్టిగా ప్రచారం చేశాడు. ఐర్లండు జాతీయవాద సభ్యుల్లో ఎక్కువమంది బ్రాడ్లాకు ఎదురు నిలిచారు. బ్రాడ్లా ఐర్లండు హక్కుల కోసం ఎప్పుడూ మాట్లాడుతూ వచ్చినవాడు, అది కూడా వాళ్ళకు అడ్డు కాలేదు. వాళ్ళంతా సభలో కూర్చోగలిగింది 55 ఏళ్ళ క్రితం క్లేర్‌లో నమ్మని ప్రమాణం చెయ్యలేని ఒక మనిషి గెలిచినందుకే. ఆ ఎన్నికకు పేరు ప్రతిపాదించిన ఓగోర్మన్ మాహన్ ఆ సభలో క్లేర్ సభ్యుడిగా బతికే ఉన్నాడు.

1886 జనవరిలో కొత్త సభ కూడినప్పుడు స్పీకరు ఎవరి అభ్యంతరమూ వినకుండా బ్రాడ్లాను ప్రమాణం చెయ్యనిచ్చాడు. ఆ స్పీకరు పేరు ఆర్థర్ వెల్లెస్లీ పీల్. 1829లో ఓకానెల్‌ను గుమ్మం దగ్గర ఆపిన రాబర్ట్ పీల్ చిన్న కొడుకు, వెల్లింగ్టన్ పేరు పెట్టుకున్నవాడు. మా అమ్మమ్మ అయితే దీన్ని విధి అనేది, నేను కాకతాళీయం అంటాను. 1888లో బ్రాడ్లా తెచ్చిన చట్టంతో ప్రతిజ్ఞకు పూర్తి గుర్తింపు వచ్చింది. 1889 డిసెంబరులో ఆయన బొంబాయి కాంగ్రెసు సభకు వచ్చాడు. అయిదేళ్ళకు, 1894లో, మద్రాసు కాంగ్రెసుకు అధ్యక్షత వహించింది పశ్చిమ వాటర్‌ఫర్డ్ సభ్యుడు ఆల్ఫ్రెడ్ వెబ్, అదీ ఒక ఐర్లండు నియోజకవర్గం మనిషే.

చివరి సభ్యుడు, చివరి ప్రమాణం

తూర్పు క్లేర్‌కు 25 ఏళ్ళు సభ్యుడుగా ఉన్న విలియం రెడ్మండ్ 50 దాటిన వయసులో సైన్యంలో చేరి 1917 జూన్ 7న బెల్జియంలోని మెసీన్ యుద్ధంలో చనిపోయాడు. గాయపడిన ఆ కాథలిక్కు జాతీయవాదిని మోసుకెళ్ళింది ఉత్తర ఐర్లండు ప్రొటెస్టెంటు దళం మనుషులు. ఆయన సీటుకు 1917 జులైలో ఉప ఎన్నిక వచ్చింది. 1916 తిరుగుబాటులో మరణశిక్ష పడి, తగ్గి, అప్పుడే జైలునుంచి వచ్చిన డి వాలెరా 5,010 ఓట్లతో గెలిచాడు, ప్రత్యర్థికి 2,035. గెలిచినా లండన్ వెళ్ళనన్నాడు. ఓకానెల్ గుమ్మం దాటడానికి పోరాడాడు. అదే జిల్లా 89 ఏళ్ళ తరువాత, మాకు మీ గుమ్మమే వద్దన్నది. 1918లో రెండు క్లేర్ సీట్లకూ ఆ పక్షం వాళ్ళు పోటీ లేకుండా ఎన్నికై, 1919 జనవరిలో డబ్లిన్‌లో మొదలైన సొంత సభకు చెందారు. లండన్ క్లేర్ కథ దాంతో అయిపోయినట్టే.

ప్రమాణం కథ మాత్రం అవలేదు. 1921 ఒప్పందం ప్రకారం ఐర్లండు సభ్యులు బ్రిటిషు రాజుకు విశ్వాసం ప్రకటించాలి. అంతర్యుద్ధానికి దారితీసిన కారణాల్లో అదొకటి. డి వాలెరా ఆ ప్రమాణం చెయ్యనని ఏళ్ళ తరబడి బయటే ఉన్నాడు. 1927 ఆగస్టులో బైబిలును పక్కకు జరిపి, ఇది అర్థంలేని లాంఛనమని చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టి లోపలికి వెళ్ళాడు. అధికారం వచ్చాక 1933లో ఆ ప్రమాణం తీసేశాడు. బాగుంది. కాని ఆయనే నడిపించిన 1937 రాజ్యాంగం పవిత్ర త్రిత్వం పేరుతో మొదలవుతుంది. రాష్ట్రపతి సర్వశక్తిమంతుడైన దేవుడి సమక్షంలో ప్రతిజ్ఞ చెయ్యాలంటుంది, నాస్తికుడికి వేరే మాట ఇవ్వదు. కాథలిక్కు చర్చికి అది ఇచ్చిన ప్రత్యేక స్థానం 1972 రిఫరెండంతో పోయింది. దైవదూషణ నేరం 2018 రిఫరెండంతో పోయింది. క్లేర్ నుంచి గెలుస్తూ వచ్చిన డి వాలెరా 1959లో రాష్ట్రపతి అయినప్పుడు ఆ దేవుడి ప్రతిజ్ఞే చేశాడు.

పద్దు మూస్తే కనబడేది ఇది. ఈ కథలో ప్రతి పక్షమూ ప్రమాణం తన గొంతు మీద ఉన్నప్పుడు అన్యాయం అన్నది. తాను లోపలికి వెళ్ళాక అదే ప్రమాణాన్ని ఇంకొకడి గొంతు మీద పెట్టడానికి వెనకాడలేదు. ఓకానెల్ లాంటి కొద్దిమంది మాత్రం తమ వెనక ఉన్నవాడి కోసం తలుపు పట్టుకున్నారు, ఆయన కూడా పేద ఓటరు దగ్గరకొచ్చేసరికి చెయ్యి వదిలేశాడు.

మన రాజ్యాంగం మూడో షెడ్యూలులో దైవసాక్షి, ప్రతిజ్ఞ పక్కపక్కన ఉన్నాయి. నేను కొట్టేసిన మాట, నేను ఉంచుకున్న మాట, రెండిటికీ ఒకే విలువ. మన మిత్రుల్లో కొందరు ఉత్సాహంలో, దేవుడి పేరుతో ప్రమాణం చెయ్యడాన్నే నిషేధించాలని అంటుంటారు. నేను ఒప్పుకోను. గుమ్మం దగ్గర కాపలా మనిషి మారినంత మాత్రాన తనిఖీ న్యాయం అయిపోదు. ఆ కాగితం మీద రెండు మాటలూ ఉండాలి, కొట్టేసే కలం మాత్రం సంతకం పెట్టేవాడి చేతిలో ఉండాలి. మా హెడ్ క్లర్కు గారు పెద్ద దైవభక్తులు, శనివారం ఉపవాసం తప్పేవారు కాదు. కలం నా చేతికిచ్చింది ఆయనే.